ఆఖరి సిపాయి ఎవరు? యుద్ధ జ్ఞాపకంలో దళితుల లెక్క

మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడి బతికున్న తమ ఆఖరి సిపాయిల్ని యూరపు దేశాలు పేరుపేరునా లెక్కపెట్టుకున్నాయి. ఫ్రాన్సు తరఫున పోరాడిన వాళ్లలో చివరివాడు లాజార్ పోంటిచెల్లి 2008 మార్చి 12న 110 ఏళ్ల వయసులో చనిపోయాడు. ఇటలీ నుంచి చిన్నతనంలోనే పొట్ట చేతపట్టుకుని పారిస్ చేరిన నిరుపేద అతను. ప్రభుత్వ లాంఛనాలతో సాగనంపుతామని ఫ్రాన్సు ప్రభుత్వం అంటే మొదట వద్దన్నాడు. గుర్తింపు లేకుండానే పోయిన తోటివాళ్లకు అది అవమానమన్నాడు. ఆర్భాటం లేకుండా చేసేట్టయితేనే సరేనన్నాడు. బ్రిటన్ తరఫున కందకాల్లో పోరాడిన వాళ్లలో చివరివాడు హ్యారీ ప్యాచ్. 2009 జులై 25న 111 ఏళ్లకు పోయాడు. వీళ్లు బతికుండగానే చరిత్రకారులు టేపురికార్డర్లు పట్టుకుని వాళ్ల ఇళ్లకు పోయారు, మాటలు రాసుకున్నారు, పుస్తకాలేశారు.

మరి అదే యుద్ధానికి మన దేశం నుంచి పోయినవాళ్ల సంగతేమిటి? 1919 ఆఖరుకు బ్రిటిష్ ఇండియాలో ఆ యుద్ధం కోసం చేర్చుకున్నవాళ్లు సుమారు 14 లక్షల 40 వేల మంది. ఫ్రాన్సు కందకాల్లో, మెసపొటేమియా ఎడారిలో, తూర్పు ఆఫ్రికా అడవుల్లో వాళ్లున్నారు. వాళ్లలో ఆఖరి మనిషి ఏ ఊళ్లో కన్నుమూశాడన్న లెక్క మన ప్రభుత్వాలు పెట్టలేదు. విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలూ పెట్టలేదు. ఇది మరుపు మాత్రమే ఐతే ఇంత రాయనక్కర్లేదు. ఎవరు సిపాయి, ఎవరు కాదు అన్నది ముందే తేల్చి పెట్టుకున్న లెక్కల్లోంచి వచ్చిన మరుపిది. ఆ తేల్చడంలో కులం పనిచేసింది. ఈ వ్యాసంలో మేం చెప్పదలచుకున్నది ఆ సంగతే.

బల్లలు వడ్డించిన మనిషి

పోంటిచెల్లి, ప్యాచ్ పోయాక కూడా ఆ యుద్ధం నాటి మనుషులు ఇంకా మిగిలారు. ప్రపంచమంతా కలిపి మొదటి ప్రపంచయుద్ధంలో పనిచేసిన వాళ్లలో చివరి మనిషిగా అందరూ ఒప్పుకున్నది ఫ్లోరెన్స్ గ్రీన్ అనే ఆవిడని. 2012 ఫిబ్రవరి 4న 110 ఏళ్లకు ఇంగ్లండులో చనిపోయింది. ఆమె తుపాకి పట్టలేదు. 1918లో, పదిహేడేళ్ల వయసులో, బ్రిటిష్ వైమానిక దళం మహిళా విభాగంలో చేరి అధికారుల మెస్సులో భోజనాలు వడ్డించింది. ఆ సంగతి చాలాకాలం బయటికి రాలేదు. ఒక పరిశోధకుడు ప్రభుత్వ పత్రాలయంలో ఆమె సర్వీసు కాగితం చూశాకనే, అంటే 2010 ప్రాంతంలో, ఆమెను యుద్ధ సైనికురాలిగా గుర్తించారు. చనిపోయినప్పుడు శవపేటిక మీద జెండా కప్పారు. బ్యూగిల్ ఊదారు.

ఆమెకు దక్కిన గౌరవాన్ని మేం తక్కువ చెయ్యడం లేదు. వంట చేసినా వడ్డించినా యుద్ధంలో పనిచేసినట్టే. మేం అడిగేది ఒక్కటే. ఆ న్యాయం మనవాళ్లకు ఎందుకు వర్తించలేదు?

పైన చెప్పిన 14 లక్షల 40 వేలలో సుమారు 5 లక్షల 63 వేల మందిని అసలు సిపాయిలుగానే రాసుకోలేదు. వాళ్లను ‘ఫాలోయర్లు’ అన్నారు. అంటే సైన్యం వెంట నడిచేవాళ్లు. వంటవాళ్లు, నీళ్లు మోసే భిస్తీలు, పాకీపని చేసేవాళ్లు, చాకళ్లు, చెప్పులు కుట్టేవాళ్లు, గుర్రాలూ కంచరగాడిదలూ చూసేవాళ్లు, డోలీలు మోసేవాళ్లు, రోడ్లు వేసే కూలీలు. ప్రతి పదిమందిలో దాదాపు నలుగురు వీళ్లే. గుండు పడే చోటే వీళ్ల పనీ ఉండేది. కలరా వచ్చినా, చలి కరిచినా ముందు పోయింది వీళ్లే. ఐనా జీతం వేరు, రేషను వేరు, పెన్షను వేరు, ఆస్పత్రిలో మంచం కూడా వేరు.

ఇందులో పాకీపనికీ తోలుపనికీ ఎవర్ని పెట్టారో చెప్పక్కర్లేదు. ఊళ్లో ఏ కులం ఏ పని చెయ్యాలని ఉందో పటాలంలోనూ అదే కులం ఆ పని చేసింది. ఇంగ్లీషువాడి సైన్యం సముద్రం దాటింది గాని ఊరూ వాడా మధ్య గీత దాటలేదు. సిపాయి చరిత్రలో వీళ్లు ‘వెంట నడిచినవాళ్లు’. స్మారకాల మీద చాలాచోట్ల ఆ మాత్రం కూడా కాదు.

ఇరాక్‌లోని బస్రా స్మారకం సంగతి చూడండి. అక్కడ భారతీయ అధికారుల పేర్లు చెక్కారు. మామూలు సిపాయిల్ని మాత్రం దళాలవారీగా అంకెల్లో చెప్పి ఊరుకున్నారు. 2021లో కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ తన నివేదికలో ఈ అన్యాయాన్ని ఒప్పుకుంది. 45 వేల నుంచి 54 వేల మంది ఆసియా, ఆఫ్రికా మృతుల్ని తెల్ల సైనికులతో సమానంగా స్మరించలేదనీ, ఇంకా కనీసం ఒక లక్షా 16 వేల మందిని పేరుతో స్మరించనే లేదనీ చెప్పి క్షమాపణ కోరింది. నూరేళ్ల తర్వాతైనా వలస పాలకుల సంస్థ ఒక తప్పు ఒప్పుకుంది. ఆ తప్పులో మన కులవ్యవస్థ వాటా ఎంతో మనదేశంలో ఎవరూ నివేదిక రాయలేదు.

పిలుపూ, రద్దూ

దళితులంతా ఫాలోయర్లే అనుకుంటే అదీ పొరపాటే. తుపాకి పట్టినవాళ్లున్నారు. దండులో సుబేదార్లయిన వాళ్లున్నారు. వాళ్ల చరిత్ర చూస్తే ఒక పద్ధతి కనబడుతుంది. అవసరం ఉన్నప్పుడు పిలవడం, తీరాక రద్దు చెయ్యడం.

1818 జనవరి 1న కోరేగావ్ దగ్గర పీష్వా సైన్యంతో తలపడిన కంపెనీ దళంలో మహర్లున్నారు. అక్కడి స్తంభం మీద చెక్కిన కంపెనీ మృతుల పేర్లు 49. వాటిలో 22 పేర్ల చివర ‘నాక్’ అని ఉంటుంది. అది మహర్ల పేరుకు గుర్తు. అట్లాంటి మహర్లను 1890ల మొదట్లో సైన్యంలో చేర్చుకోవడం ఆపేశారు. కొన్ని కులాలు, కొన్ని జాతులు మాత్రమే పుట్టుకతో యోధులనీ, తక్కినవాళ్లు పనికిరారనీ అప్పటి సైన్యాధికారులు ఒక సిద్ధాంతం లేవదీశారు. మనువు చెప్పినదాన్నే సైన్యం భాషలోకి మార్చుకున్నారన్న మాట. తాను స్వయంగా సైన్యంలో పనిచేసి పెన్షను పుచ్చుకున్న గోపాల్ బాబా వలంగ్‌కర్ 1894లో దీన్ని ప్రశ్నిస్తూ అర్జీ తయారుచేశాడు. శివరాం జాన్బా కాంబ్లే 1910లో మళ్లీ అర్జీ పెట్టాడు. మహారాష్ట్రలో దళిత ఉద్యమం తొలి కాగితాల్లో కొన్ని ఈ సైనికోద్యోగాల అర్జీలేనన్న సంగతి మన కార్యకర్తలు గుర్తుంచుకోవాలి.

అర్జీలకు కదలని ప్రభుత్వం యుద్ధం రాగానే కదిలింది. 1917లో మహర్ పటాలం పెట్టారు. యుద్ధం ముగిసింది. 1921కల్లా అది లేకుండా పోయింది. పంజాబులో మజ్హబీ, రాందాసియా సిక్కుల పయనీరు పటాలాలు ఎన్నో యుద్ధాల్లో పనిచేశాయి. 1932-33లో పొదుపు పేరు చెప్పి వాటినీ రద్దు చేశారు. మళ్లీ రెండో ప్రపంచయుద్ధం వచ్చింది. మళ్లీ అదే జనం గుర్తొచ్చారు. 1941 జులైలో అంబేద్కర్ వైస్రాయి ఏర్పరచిన జాతీయ రక్షణ మండలిలో సభ్యుడయ్యాడు. మహర్లకు మళ్లీ పటాలం కావాలని ఆయన పట్టుబట్టాడు. 1941 అక్టోబరు 1న బెల్గాంలో మహర్ రెజిమెంట్ మొదలైంది. అదే రోజున మజ్హబీ, రాందాసియా సిక్కుల రెజిమెంటూ మొదలైంది. ఇవి రెండూ ఇప్పటికీ ఉన్నాయి. రెండోది సిక్ లైట్ ఇన్‌ఫాంట్రీ పేరుతో ఉంది.

రెజిమెంటు బతికి ఉంటే ఏమవుతుందో మహర్ రెజిమెంటులో చూడొచ్చు. దానికి ఒక కేంద్రం ఉంది, సాగర్‌లో. ఏటేటా జరుపుకునే దినం ఉంది. పటాల చరిత్ర రాసే అధికారులున్నారు. పేర్ల పట్టికలున్నాయి. తూర్పుగోదావరిలో పుట్టిన తెలుగువాడు జనరల్ కె.వి. కృష్ణారావు 1942లో ఈ రెజిమెంటులోనే అధికారిగా చేరి 1981-83లో దేశ సైన్యానికే అధిపతి అయ్యాడు. తర్వాత తన జ్ఞాపకాల పుస్తకం రాసుకున్నాడు. ఐతే ఆ రెజిమెంటుకి కూడా ఒక సంగతి జరిగింది. మొదట్లో దాని చిహ్నంలో కోరేగావ్ స్తంభం ఉండేది. స్వాతంత్య్రం వచ్చాక ఆ స్తంభాన్ని చిహ్నంలోంచి తీసేశారు. పటాలం ఉండొచ్చు గాని అది ఎక్కణ్నుంచి వచ్చిందో గుర్తుండకూడదు. అదీ వరస.

చమార్ రెజిమెంటు

ఇక రెజిమెంటే లేకుండా పోయినవాళ్ల సంగతి. 1943 మార్చి 1న చమార్ రెజిమెంటు ఏర్పడింది. ఉత్తరప్రదేశ్, పంజాబు పల్లెల్లోంచి, అంటే ఇవ్వాళ్టి హర్యానా కూడా కలిపి, తోలుపని చేసేవాళ్లని ఊరు బయటపెట్టిన కులం యువకులు అందులో చేరారు. బర్మా యుద్ధరంగంలో జపానువాళ్లతో పోరాడారు. 1944 ఏప్రిల్ 4 నుంచి జూన్ 22 దాకా కోహిమా దగ్గర జరిగిన యుద్ధం రెండో ప్రపంచయుద్ధంలో అతి కఠినమైన వాటిలో ఒకటి. ఆ కోహిమా పేరుతో యుద్ధగౌరవం ఈ రెజిమెంటుకి దక్కింది. 1946 డిసెంబరుకల్లా రెజిమెంటుని రద్దు చేశారు. పుట్టి నాలుగేళ్లు కూడా నిండలేదు.

ఎందుకు రద్దు చేశారన్నదానికి రెండు కథనాలున్నాయి. ఒకటి కాగితం మీద కథనం. యుద్ధం ముగిసింది, సైన్యాన్ని తగ్గించారు, కొత్తగా పెట్టిన పటాలాలు పోయాయి, అందులో ఇదీ పోయింది. రెండోది ముసలి సిపాయిలు చెప్పిన కథనం. సుభాష్ బోస్ ఆజాద్ హింద్ ఫౌజు మీద తుపాకి ఎత్తమంటే మావాళ్లు ఎత్తలేదు, అందుకే మమ్మల్ని లేకుండా చేశారు అని వాళ్లన్నారు. మొదటి కథనానికి ఫైళ్లున్నాయి. రెండోదానికి మనుషులే ఆధారం. ఈ రెండు కథనాల్నీ పక్కపక్కన పెట్టి పరీక్షించడం చరిత్రకారుడి పని. కాని రెండోది చెప్పేవాళ్లు పోతే పరీక్ష ఎక్కడిది? ఉన్న ఒక్కదాన్నే నిజమనుకోవాల్సి వస్తుంది.

2010ల నాటికి ఈ రెజిమెంటులో పనిచేసి బతికున్నవాళ్లు హర్యానా పల్లెల్లో వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే మిగిలారు. వందకు దగ్గరపడ్డవాళ్లు, వంద దాటామని చెప్పుకునేవాళ్లు. ఒక దళిత పరిశోధకుడు ఊళ్లు తిరిగి వాళ్లను పట్టుకుని, వాళ్ల మాటల్లోనే కథ రాసుకున్నాడు. సైన్యం చెయ్యాల్సిన పని, చరిత్ర శాఖలు చెయ్యాల్సిన పని ఒక విద్యార్థి చేశాడు. ఆ తర్వాతే పత్రికలు కళ్లు తెరిచాయి. 2017 ప్రాంతంలో జాతీయ షెడ్యూల్డు కులాల కమిషను రక్షణ శాఖను వివరణ అడిగింది.

ప్రభుత్వం చెప్పే సమాధానం మనకు తెలిసిందే. స్వాతంత్య్రం వచ్చాక కులం పేరుతో, మతం పేరుతో, ప్రాంతం పేరుతో కొత్త రెజిమెంటు పెట్టకూడదన్నది విధానం అంటారు. వినడానికి బాగానే ఉంది. మరి రాజపుత్ రెజిమెంటు ఉంది, జాట్ రెజిమెంటు ఉంది, డోగ్రా రెజిమెంటు ఉంది. అవి పాతవి గనక ఉన్నాయంటారు. చమార్ రెజిమెంటు కూడా పాతదే గదా! ఉన్నదాన్ని తీసేసి, ఇప్పుడు లేదు గనక కొత్తగా పెట్టం అనడంలో న్యాయమెక్కడుంది? కులం పేరుతో పటాలాలు అసలు ఉండాలా వద్దా అన్న చర్చ వేరు. దాంట్లో మనలోనే భిన్నాభిప్రాయాలున్నాయి. కాని ఒక రెజిమెంటులో ఎవరెవరు పనిచేశారు, ఎవరు చనిపోయారు, ఎవరికి పతకాలొచ్చాయి అన్న పట్టిక అచ్చు వెయ్యడానికి ఏ విధానం అడ్డమొస్తుంది?

ఇంటికొచ్చిన సిపాయికి ఏం దక్కింది?

యుద్ధంలో పనిచేసి వచ్చిన మనిషి చేతిలో నాలుగు డబ్బులుంటాయి. ఆ డబ్బుతో పల్లెటూరి మనిషి మొదట కొనాలనుకునేది భూమి. చమార్ సిపాయికి పంజాబులో అది కూడా కుదర్లేదు. 1900 నాటి పంజాబ్ భూ బదలాయింపు చట్టం వ్యవసాయ కులాలని కొన్నింటిని జాబితా వేసింది. ఆ కులాల భూమి ఆ జాబితాలో లేనివాళ్లు కొనడానికి వీల్లేదు. షావుకార్ల నుంచి రైతుల్ని కాపాడ్డానికని చెప్పిన చట్టం, తరతరాలుగా ఆ పొలాల్లోనే చెమటోడ్చిన చమార్లను వ్యవసాయ కులం కాదని తేల్చింది. రాజ్యం కోసం బర్మాలో ప్రాణం పెట్టినవాడు సొంత ఊళ్లో ఎకరం కొనుక్కునే హక్కు లేకుండా బతికాడు. స్వాతంత్య్రం వచ్చాక గాని ఆ చట్టం పోలేదు.

రెండోది పెన్షను. సైన్యం పెన్షను రావాలంటే ఇన్నేళ్ల సర్వీసు నిండాలి. యుద్ధంలో చేరి 1946లో ఇంటికి పంపబడ్డవాడికి అన్నేళ్లు ఎట్లా నిండుతాయి? పాతకాలం నుంచి సైన్యంలో చోటున్న కులాలవాళ్లు యుద్ధానికి ముందే చేరారు, తర్వాతా కొనసాగారు, పెన్షను దాకా వెళ్లగలిగారు. యుద్ధం కోసమే తలుపు తెరిచి, యుద్ధం కాగానే మూసినచోట చేరినవాడు పెన్షను లేనివాళ్ల జాబితాలో పడ్డాడు. పైకి చూస్తే నిబంధన అందరికీ ఒక్కటే. దెబ్బ మాత్రం కులాన్నిబట్టి తగిలింది. రెండో ప్రపంచయుద్ధంలో పనిచేసి పెన్షను లేనివాళ్లకూ వాళ్ల భార్యలకూ చాలా రాష్ట్రాలు ఆ తర్వాత జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాల ద్వారా నెలనెలా కొంత సహాయం ఇచ్చాయి. అది కావాలంటే డిశ్చార్జి కాగితం చూపాలి. పూరిపాకలో, వానకు తడిసి, చెదలు పట్టి, మంటల్లో కాలిపోయే ఇంట్లో కాగితం ఎన్నేళ్లుంటుంది? కాగితం పోతే మనిషి బతికున్నా ఆఫీసు లెక్కలో సిపాయి కాడు. ఫ్లోరెన్స్ గ్రీన్‌ను సైనికురాల్ని చేసింది ఒక కాగితమే గదా!

తిలంగాలు

ఇదంతా ఉత్తరాది, మహారాష్ట్ర సంగతి, మనకేంటి అనుకోవద్దు. ఉత్తర భారతంలో ఒకప్పుడు సిపాయిని ‘తిలంగా’ అనేవాళ్లు. తిలంగా అంటే తెలుగువాడు. కంపెనీ మద్రాసులో తయారుచేసిన సిపాయిల్ని క్లైవు బెంగాలు తీసుకుపోయాడు. 1757లో పలాశీ యుద్ధంలో వాళ్లున్నారు. అప్పటినుంచి ఎర్రకోటు తొడుక్కున్న దేశీ సిపాయి ఏ ప్రాంతంవాడైనా తిలంగా అయ్యాడు. 1857లో ఢిల్లీలో తిరగబడ్డ సిపాయిల్ని కూడా నాటి ఢిల్లీ కాగితాలు తిలంగాలనే రాశాయి. ఒక జాతి పేరు సిపాయికే మారుపేరయిందంటే ఎంతమంది పోయి ఉండాలి!

ఆ తెలుగు సిపాయిని కూడా యోధజాతుల సిద్ధాంతం దెబ్బతీసింది. 19వ శతాబ్దం చివరి దశాబ్దాల్లో దక్షిణాదివాళ్లు యుద్ధానికి పనికిరారని తేల్చారు. మద్రాసు పదాతి పటాలాలు ఒక్కొక్కటీ తగ్గిపోయాయి. 1920ల నుంచి మిగిలినవీ రద్దవుతూ వచ్చాయి. రెండో ప్రపంచయుద్ధంలో జనం కావలసి వచ్చేసరికి మద్రాసు రెజిమెంటుని మళ్లీ నిలబెట్టారు. 1939లో సుమారు రెండు లక్షలున్న భారత సైన్యం 1945కల్లా 25 లక్షలకు పెరిగింది. పంజాబు తర్వాత పెద్ద ఎత్తున మనుషుల్నిచ్చిన ప్రాంతాల్లో మద్రాసు ప్రెసిడెన్సీ ఒకటి. కోస్తా జిల్లాలూ రాయలసీమా అప్పుడు అందులోనివే.

ఈ మనుషుల్లో మాలలెందరు, మాదిగలెందరు అని వెతికే విద్యార్థికి మొదట ఎదురయ్యే అడ్డంకి ఒకటుంది. సైన్యం కాగితాల్లో మద్రాసు సిపాయిల్ని విడగొట్టిన పద్ధతి వేరు. తమిళులు, తెలుగులు, ముస్లింలు, పరయలు, క్రైస్తవులు అనే తరగతులు అందులో కనబడతాయి. బాప్తిస్మం తీసుకున్న మాల మాదిగ కుటుంబాలవాళ్లు క్రైస్తవుల్లో కలిసిపోయారు. పరయ అన్నచోట ఒక్క తమిళులే అనుకోకూడదు. తెలుగు అన్నచోట ఒక్క రైతు కులాలే అనుకోకూడదు. కాగితంలో కులం లేనంత మాత్రాన పటాలంలో మనిషి లేడని కాదు.

పశ్చిమగోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గర మాధవరాన్ని జనం మిలిటరీ మాధవరం అంటారు. రెండు ప్రపంచయుద్ధాలకూ మనుషుల్నిచ్చిన ఊరని దానికి పేరుంది. ఒక ఊరు తన సిపాయిల్ని గుర్తుపెట్టుకోవడం మంచిదే. మన పల్లెల్లోనూ ‘మిలిటరీ తాత’ అనే మాట ఉంది, ‘పటాలంలో పోయినాయన’ అనే మాట ఉంది, ‘రంగం యుద్ధం’ అనే మాట ఉంది. ఆ మాటల వెనకున్న మనుషులకు ఒక ఊరి పేరంత గుర్తింపు కూడా రాలేదు. వాళ్లు జ్ఞాపకంలో ఉన్నారు, చరిత్రలో లేరు.

తెల్లవాడి కొలువు అనే నింద

ఈ చరిత్ర ఎత్తగానే ఒక నింద వస్తుంది. దళితులు తెల్లవాడి సైన్యంలో చేరారు, దేశానికి ద్రోహం చేశారు అని. కోరేగావ్ విషయంలో 2018 జనవరి 1న రెండొందల ఏళ్ల సందర్భంగా అక్కడికి పోయినవాళ్ల మీద దాడులు జరిగేదాకా ఈ నింద వెళ్లింది. దీనికి మా సమాధానం సూటిగా చెప్తాం.

బ్రిటిష్ సైన్యంలో దళితుల కంటే ఎక్కువమంది ఇతర కులాలవాళ్లున్నారు. రాజపుత్రులున్నారు, జాట్లున్నారు, బ్రాహ్మణ పటాలాలు కూడా ఉండేవి. వాళ్లనెవరూ ద్రోహులనలేదు. అది వాళ్ల వీరత్వమైంది. అదే పని మహరు చేస్తే ద్రోహమైంది. ఇక దళితులు ఎందుకు చేరారంటే, ఊరు వాళ్లకు చెప్పులు తొడుక్కునే హక్కు ఇవ్వనప్పుడు పటాలం బూట్లిచ్చింది. బడి గుమ్మం ఎక్కనివ్వనప్పుడు కంపెనీ పటాలం సిపాయి పిల్లలకు చదువు చెప్పింది. అంబేద్కర్ తండ్రి రాంజీ సక్పాల్ సుబేదారు మేజరు, సైనిక పాఠశాలలో పంతులు. అంబేద్కర్ 1891లో పుట్టింది మౌ సైనిక కేంద్రంలో. పటాలం చదువు లేకపోతే ఆ ఇంట్లో అక్షరం ఎప్పటికి వచ్చేదో!

ఐతే దీన్ని ఇంగ్లీషువాడి దయగా చెప్పుకోవడం కూడా చరిత్ర కాదు. ఇంగ్లీషువాళ్లు ఈ దేశాన్ని గెలవడానికి అంటరానివాళ్ల సాయం తీసుకుని, గెలిచాక వాళ్లనే సైన్యంలోంచి గెంటేశారని అంబేద్కరే రాశాడు. పొగడ్తా, తెగడ్తా రెండూ మనల్ని అసలు ప్రశ్న నుంచి పక్కకు లాగుతాయి. ఆ సిపాయి ఏం చూశాడు, ఏం నేర్చుకున్నాడు, తిరిగొచ్చి వెట్టి చెయ్యనన్నాడా, పిల్లల్ని బడికి పంపాడా, ఊళ్లో బూట్లేసుకుని నడిస్తే ఏమైంది? మనకు కావలసిన చరిత్ర అది. దాన్ని అధికారుల జ్ఞాపకాల పుస్తకాలు చెప్పలేవు.

మనం చెయ్యగల పని

1945లో పద్దెనిమిదేళ్లకు పటాలంలో చేరినవాడు 1927లో పుట్టినవాడు. ఇవ్వాళ బతికుంటే వందకు అటూ ఇటూ. అట్లాంటివాళ్లు ఇంకా ఎక్కడైనా ఉంటే ముందు అక్కడికి పోవాలి. కాని పని అంతటితో ఆగదు. వాళ్ల నోట కథలు విన్న కొడుకులు, కూతుళ్లు, కోడళ్లు ఇవ్వాళ అరవై డెబ్భై ఎనభైల్లో ఉన్నారు. సిపాయిల విషయంలో ఆలస్యం జరిగిపోయింది. విన్నవాళ్ల విషయంలోనూ అదే జరక్కూడదు. ఇందుకు పెద్ద నిధులక్కర్లేదు. సెలవుల్లో ఊరికి పోయే విద్యార్థి, బడి పంతులు, సంఘం కార్యకర్త చెయ్యగలిగిన పనే.

మొదట వస్తువులు అడగండి. రేకు పెట్టె అడుగున డిశ్చార్జి పుస్తకం ఉండొచ్చు, పే బుక్ ఉండొచ్చు, ఒక గ్రూపు ఫోటో ఉండొచ్చు. పతకాలుంటే వాటి అంచునూ వెనకనూ చూడండి. భారతీయ సిపాయిలకిచ్చిన చాలా పతకాల మీద నెంబరు, పేరు, దళం పేరు చెక్కి ఉంటాయి. కాగితం పోయిన ఇంట్లో ఆ పతకమే కాగితం. ఫోటో తీసుకోండి, వస్తువు మాత్రం ఇంట్లోనే ఉంచండి.

రెండోది, ఊళ్లో దొరికే రికార్డులు. మాజీ సైనికుడి కోటాలో ఇచ్చిన భూమికి డి-ఫారం పట్టా ఉంటే అందులో వివరం ఉంటుంది. మిషను చర్చి బాప్తిస్మం పుస్తకంలో పుట్టిన ఏడూ తల్లిదండ్రుల పేర్లూ దొరుకుతాయి. ఊళ్లో పిలిచే పేరు ఒకటి, సైన్యం కాగితంలో పేరు ఇంకొకటి ఉండొచ్చు. రెండూ రాసుకోవాలి.

మూడోది, ‘మీ నాన్న సిపాయా?’ అని మాత్రమే అడిగితే సగం మంది తప్పిపోతారు. పటాలంలో వంట చేశాడా, పాకీపని చేశాడా, చెప్పులు కుట్టాడా, డోలీ మోశాడా, రోడ్డు వేశాడా అని కూడా అడగాలి. ఇంట్లోవాళ్లే ఆ పనిని చిన్నతనంగా అనుకుని చెప్పకుండా దాచే అవకాశం ఉంది. బల్లలు వడ్డించిన ఫ్లోరెన్స్ గ్రీన్ కథ వాళ్లకు చెప్పండి. ఆమె సైనికురాలైనప్పుడు మీ తాత ఎందుకు కాడో అడగండి.

నాలుగోది, ఆడవాళ్ల మాట. మనిషి బర్మాకు పోయిన నాలుగేళ్లు ఇల్లు నడిపింది, మనియార్డరు కోసం ఎదురుచూసింది, అది రాని నెలల్లో కూలికి పోయి పిల్లల్ని సాకింది ఆమే. సహాయం కోసం ఆఫీసుల చుట్టూ తిరిగిందీ ఎక్కువగా ఆమే. ఆమె చెప్పేది యుద్ధ చరిత్ర కాదని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

ప్రభుత్వాన్ని అడగాల్సినవీ ఉన్నాయి. రద్దయిన దళిత పటాలాల పేర్ల పట్టికలు అచ్చు వెయ్యాలి. ఫాలోయర్లుగా పోయి చనిపోయినవాళ్ల పేర్లు సిపాయిల పేర్లతో పాటు రాయాలి. జిల్లా సైనిక కార్యాలయాల్లో రెండో ప్రపంచయుద్ధం నాటి సహాయం ఫైళ్లను పాతకాగితాల కింద పారెయ్యకుండా రాష్ట్ర పత్రాలయాలకు అప్పగించాలి. సహాయం పుచ్చుకునే మనిషి చనిపోగానే ఆ ఫైలు పని అయిపోతుంది. అలమర ఖాళీ చేసే రోజు వస్తుంది. మనిషీ కాగితమూ ఒకేసారి పోయే ప్రమాదం అక్కడుంది. ఏ జిల్లా విద్యార్థులు ఆ జిల్లా కార్యాలయానికి పోయి ఈ సంగతి లిఖితపూర్వకంగా అడగాలి. జవాబొస్తే మాకు పంపండి. సేకరించిన మాటలూ ఫోటోల వివరాలూ కూడా పంపండి. ఏ ఊరు, ఏ వాడ, ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు అన్నవి తప్పకుండా రాయండి.